కాలు కింద పెట్టనివ్వని ఆయమ్మ

ఆ వృద్ధాశ్రమం గడప దాటగానే గోడకు ఒక తెల్లబోర్డు కనిపిస్తుంది. దాని మీద పెద్ద అక్షరాలతో "ఈ నెలలో పడిపోయినవారు" అని రాసి, పక్కన ఓ సున్నా చుట్టి ఉంటుంది. తల్లినో తండ్రినో చేర్పించడానికి వచ్చినవాళ్లు ముందుగా ఆ సున్నానే చూస్తారు, చూసి ఊపిరి పీల్చుకుంటారు. ముందు హాల్లో పదకొండేళ్లుగా ఆ సున్నా చెక్కుచెదరలేదంటే ఆ పుణ్యం అంతా ఒక్క మనిషిది. ఆమెను అందరూ ఆయమ్మ అంటారు.

హాల్లో ఇరవై రెండు మంచాలు. ఎవరి మోకాలు ఎప్పుడు మొరాయిస్తుందో, ఎవరు దాహమై లేస్తారో, ఎవరు ఊరికే తోచక లేస్తారో ఆయమ్మకు కంఠతా వచ్చు. కుర్చీ కిర్రుమంటే చాలు, ఆ చివర దుప్పట్లు మడతపెడుతున్న మనిషి ఈ చివర ప్రత్యక్షమయ్యేది. "కూర్చోండి, కూర్చోండి, ఏం కావాలో చెప్పండి, నేను తెస్తాగా" అంటూ భుజం మీద చెయ్యి వేసి మెత్తగా కిందికి నొక్కేది. మంచినీళ్లు చేతికే, కళ్లజోడు చేతికే, పళ్లెం ఒళ్లోకే. బాత్‌రూమ్‌కి పోవాలంటే చంకల కింద రెండు చేతులూ వేసి ఒక్క ఊపున లేపేది. ఆ ఊపులో లేచినవాళ్లకు తాము లేచిన సంగతి కూడా తెలిసేది కాదు.

ఆదివారాలు పిల్లలు చూడటానికి వచ్చినప్పుడు ఒకటే మాట. "మా అమ్మను కాలు కింద పెట్టనివ్వదండీ ఆవిడ!" ఆ మాట చెవిన పడితే ఆయమ్మకు కడుపు నిండిపోయేది. పైకి మాత్రం "అదెంత పనండీ" అని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ పక్కకి పోయేది.

ఈ జాగ్రత్త ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరకముందు ఇంట్లో అత్తగారిని చూసుకునేది. ఓ ఉదయం సబ్బు అయిపోయిందని వీధి చివర కొట్టుకు వెళ్లింది. వెళ్లి రావడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో అత్తగారు బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. నలభై రోజులు మంచంలో మూలిగి వెళ్లిపోయారు. చూడవచ్చిన వాళ్లందరి ముందూ ఆడపడుచు, "వదిలేసి పోయింది, ఏం చేస్తాం" అంది. భర్త ఒక్క మాట అనలేదు. కాదనీ అనలేదు. ఆడపడుచు మాట కన్నా ఆ మౌనమే ఆమెను ఎక్కువ కోసింది. ఆ తర్వాత ఈ ఉద్యోగంలో చేరిన రోజున, నా కళ్ల ముందు ఇంకెవర్నీ పడనివ్వను అని మనసులో గట్టిగా అనుకుంది. అనుకున్నట్టే పడనివ్వలేదు.

కండక్టర్ బాబాయి ఆ హాలుకు వచ్చింది నిరుడు వానలు మొదలైన రోజుల్లో. ముప్ఫై నాలుగేళ్లు సిటీ బస్సులో టికెట్లు ఇచ్చి రిటైరైన మనిషి, వయసు డెబ్భై తొమ్మిది. భార్య పోయాక కూతురి దగ్గర ఉన్నాడు. కూతురిది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రోజూ ఎక్కి దిగలేక, దిగకుండా ఉండలేక, "నన్ను నేల మీద ఎక్కడైనా ఉంచండ్రా బాబూ" అని ఆయనే పోరుపెట్టి వచ్చాడు. సంచీ తనే భుజాన వేసుకుని, కర్ర కూడా లేకుండా వచ్చాడు. రాగానే వరండా పక్క మంచం అడిగి తీసుకున్నాడు. వరండా ముందు రోడ్డు, రోడ్డు మీద బస్సులు. పొద్దున్నే రెయిలింగ్ దగ్గర నిలబడి లెక్క మొదలుపెట్టేవాడు.

"తొమ్మిదీ నలభై బండి ఇప్పుడా రావడం? టీకొట్టు దగ్గర ఆపుంటాడు వెధవ. ఆ ఫుట్‌బోర్డు మీద చూడు, ఎనిమిది మంది! లోపలికి జరగమనడానికి కండక్టరుకు నోరు లేదా?"

మొదటి రోజే ఆయన నీళ్ల సీసా పట్టుకుని లేవబోతే ఆయమ్మ వచ్చేసింది.

"కూర్చోండి బాబాయ్ గారూ, నేను పట్టుకొస్తాను."

"అమ్మాయ్, నేను జీవితమంతా నిలబడే బతికాను. కూర్చోవడం నాకు చేతకాదు."

"నేర్పిస్తానుగా!" అని నవ్వింది ఆయమ్మ.

అన్నంత పనీ చేసింది. నీళ్లు మంచం పక్కకే వచ్చాయి. పేపరు దిండు మీదికే వచ్చింది. వరండాలో నిలబడితే గాలికి తూలతారని రెయిలింగ్ దగ్గర లోతైన కుర్చీ ఒకటి వేయించింది. అందులో కూర్చుంటే మనిషి సగం మునిగిపోతాడు. మొదట్లో ఆయన గింజుకున్నాడు, వేళాకోళం చేశాడు. ఆమెకు కూర్చోండమ్మ అని పేరు పెట్టింది ఆయనే. హాలంతా పడీపడీ నవ్వింది, ఆయమ్మ కూడా నవ్వింది. నవ్వులతోనే ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో కండక్టర్ బాబాయి కూర్చోవడం ఎంత బాగా నేర్చుకున్నాడంటే, ఆయమ్మ చెయ్యి వేయనిదే కుర్చీలోంచి లేవలేకపోయాడు.

"వయసు" అన్నారు అందరూ. ఆయమ్మ కూడా అదే అంది.

ఆ హాలుకు ఒక నియమం ఉంది. సొంతంగా లేవలేనివాళ్లను ముందు హాల్లో ఉంచరు, వెనక గదులకు మారుస్తారు. వంటగది దాటి, బట్టలుతికే చోటు దాటి పోతే ఆ గదులు వస్తాయి. మంచాలకు రెండు వైపులా ఇనప కమ్మీలు. కిటికీ తెరిస్తే ఎదురుగా ప్రహరీ గోడ. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి ముందుకు వచ్చిన దాఖలా ఇంతవరకూ లేదు. మూడు నెలలకోసారి మేనేజర్ గారు వచ్చి ఒక్కొక్కరినీ లేవమని చూస్తారు. ఈసారి కండక్టర్ బాబాయి కుర్చీ చేతులు పట్టుకుని, నుదుటికి చెమటలు పట్టి, మూడో ప్రయత్నానికి లేచాడు. మేనేజర్ గారు పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించారు.

"ఈ మూడు నెలలు చూద్దాం పెద్దాయనా. అప్పటికీ ఇంతే ఉంటే మాత్రం వెనక్కి మారుద్దాం. మీ మంచికే."

 ఆ రోజు కండక్టర్ బాబాయి బస్సుల లెక్క కూడా చూడలేదు.

ఆ వారంలోనే వచ్చింది ఫిజియో అమ్మాయి. మంగళ, శుక్రవారాల్లో వచ్చి వీళ్లచేత వ్యాయామం చేయించడానికి ఆశ్రమం వాళ్లు కుదిర్చారు. చిన్నది, పాతికేళ్లుంటాయేమో, మాట మాత్రం తాపీగా ఉంటుంది. వచ్చీరాగానే ఆయమ్మను అడిగింది.

"వీళ్లు రోజుకు ఎన్నిసార్లు లేస్తారండీ?"

"అసలు లేవనిస్తేగా డాక్టరమ్మా!" అంది ఆయమ్మ గర్వంగా.

ఆ అమ్మాయి నవ్వలేదు, తిట్టనూ లేదు. సంచీలోంచి దర్జీ టేపు తీసి ఒక్కొక్కరి పిక్క చుట్టూ చుట్టి కొలతలు సెంటీమీటర్లలో చెప్పడం మొదలుపెట్టింది. రాసే పని ఆయమ్మకు ఇచ్చింది. ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఇరవై ఐదున్నర. కండక్టర్ బాబాయి పంచె మోకాలి దాకా జరిపితే ఎముక మీద చర్మం వేలాడుతోంది. ఇరవై ఆరున్నర. అలా రాసుకుంటూ పోతే చివరి మంచం దగ్గర ముప్ఫై మూడు వచ్చింది. ఆయమ్మ తప్పు విన్నాననుకుని మళ్లీ అడిగింది. ముప్ఫై మూడే.

ఆ చివరి మంచం గయ్యాళి మామ్మది. ఎనభై మూడేళ్ల మనిషి. హాలు మొత్తం మీద ఆయమ్మ మాట వినని ఒకే ఒక్క శాల్తీ. కూర్చోండి అంటే చేతికర్రతో కొడుతుంది. రెండుసార్లు కొరికింది కూడా. గోడ పట్టుకుని పొద్దస్తమానం హాలంతా తిరుగుతుంది, ఎవరి సంచీలో ఏముందో చూస్తుంది, తిట్టించుకుంటుంది, మళ్లీ తిరుగుతుంది. ఈవిణ్ని నేను సరిగ్గా చూసుకోలేకపోతున్నానే అని ఆయమ్మ ఎన్నిసార్లు బాధపడిందో. ఇప్పుడు ఆవిడ పిక్క రాయిలా ఉంది. ఆయమ్మ కంటికి రెప్పలా చూసుకున్న ఇరవై ఒక్కరి పిక్కలూ పీచుల్లా ఉన్నాయి. ఆ కాగితం ఆమె చేతుల్లోనే ఉంది, ఆమె రాతలోనే ఉంది. ఎవరూ ఏమీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

సాయంత్రం ఇంటికి పోతూ బస్సులో కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టింది. పదకొండేళ్లలో ముందు హాలు నుంచి వెనక గదులకు తను స్వయంగా సంచీ సర్ది పంపినవాళ్లు తొమ్మిది మంది. వాళ్లలో చేరిన రోజున ఆశ్రమంలోకి నడిచి వచ్చినవాళ్లు ఎందరు? ఏడుగురు. ఇంటికి చేరి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుండిపోయింది. కూతురు కుట్టుపని ఆపి ఏమైందని అడిగితే అంతా చెప్పింది.

"నువ్వు మంచికే చేశావు కదమ్మా" అంది కూతురు.

"మంచికే చేశానే. అదేగా నా బాధ."

మర్నాటి నుంచి పని మొదలైంది. మంగళ, శుక్రవారాలు ఫిజియో అమ్మాయి చేయిస్తుంది, మిగతా ఐదు రోజులూ ఆయమ్మ చేయించాలి. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తడం, దించడం. నీళ్లు నింపిన చిన్న సీసాలు పైకెత్తడం. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, మూడోసారికి అందరూ ఆయాసపడేవాళ్లు. లోతైన కుర్చీ తీయించి గట్టి కుర్చీ వేయించింది ఫిజియో అమ్మాయి. మొదట్లో దాని మీద రెండు దిళ్లు వేసి ఎత్తు చేసింది, రెండు వారాలకొకటి తీసేస్తానంది.

"నేనేం చెయ్యాలి డాక్టరమ్మా?"

"మీరు చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. పక్కనే ఉండండి. పట్టుకోకండి. నిజంగా పడుతుంటే తప్ప చెయ్యి వెయ్యకండి."

అంతకన్నా కష్టమైన పని ఆయమ్మ తన జన్మలో చేయలేదు. నూట ఇరవై దుప్పట్లు ఉతకమన్నా ఉతికేది. కళ్ల ముందు ఓ ముసలి ప్రాణం వణుకుతూ లేస్తుంటే చెయ్యి చాపకుండా నిలబడటం ఆమె తరం కాలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, కొంగు చివర పిడికిట్లో బిగించి నిలబడేది. 

"ఏమిటమ్మా, హెడ్ కానిస్టేబుల్‌లా నిలబడ్డావ్? నేనేం దొంగతనం చేశాను?" అనేవాడు కండక్టర్ బాబాయి.

"మాటలాపి లేవండి."

"అబ్బో, లేవండి అంటోంది! ఒరేయ్, విన్నారా, ఈవిడ నోట ఈ మాట!" అని హాలంతటికీ వినిపించేట్టు అనేవాడు. ఆ మాటతో ఆయమ్మ ముఖం వాడిపోవడం చూసి మళ్లీ తనే సర్దేవాడు. "ఊరికే అన్నానులేమ్మా. నువ్వు లేకపోతే నాకెవరున్నారు?"

మొదటి వారం చేతులు ఆన్చకుండా ఒక్కసారి కూడా లేవలేదు. రెండో వారం చివర్లో ఒకసారి లేచాడు. లేచి నిలబడి, రెండు కాళ్లూ కాస్త ఎడంగా పెట్టి, మోకాళ్లు వదులు చేసి, ఇటూ అటూ సన్నగా ఊగాడు. ఆయమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"కంగారు పడకు. బస్సులో నిలబడటం ఇలాగే. బిగుసుకుని నిలబడ్డవాణ్ని బ్రేకు వేసినప్పుడు చూడాలి, తిన్నగా డ్రైవరు ఒళ్లోకి పోతాడు. బండి ఎటు ఊగితే మనమూ అటు ఊగాలి. నా సర్వీసులో కమ్మీ పట్టుకుని టికెట్ ఇచ్చిన రోజు లేదు."

నాలుగో వారంలో ఒక అపశ్రుతి దొర్లింది. రెండో దిండు కూడా తీసేసిన రోజు అది. లేస్తూ లేస్తూ ఆయన మోకాలు తప్పి, దబ్బున కుర్చీలో పడ్డాడు. కుర్చీ జానెడు వెనక్కి జరిగింది. దెబ్బేమీ తగల్లేదు, ఆయన నవ్వేశాడు కూడా. కానీ ఆ దబ్బుమన్న చప్పుడు ఆయమ్మ చెవుల్లోంచి పోలేదు. మర్నాడు వ్యాయామం వేళకు "ఈ పూటకు విశ్రాంతి తీసుకోండి బాబాయ్ గారూ" అంది. ఆ మర్నాడు కూడా అదే అంది. ఫిజియో అమ్మాయి ఇచ్చిన కాగితంలో మాత్రం గళ్లన్నీ నింపింది. పదిసార్లు, పదిసార్లు, పదిసార్లు. పదకొండేళ్లలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది.

శుక్రవారం ఫిజియో అమ్మాయి వచ్చి చూస్తే ఆయన రెండుసార్లు లేచేసరికే చతికిలబడ్డాడు. ఆ అమ్మాయి కాగితం చూసింది, ఆయన్ని చూసింది, చివరకు ఆయమ్మ వైపు తిరిగింది. 

"నాకే ఒంట్లో నలతగా ఉంటోందమ్మా. ఆవిడ తప్పేం లేదు, రోజూ చేయిస్తూనే ఉంది" అన్నాడు కండక్టర్ బాబాయి.

ఆ అమ్మాయి సరేనని వెళ్లిపోయాక ఆయమ్మ ఆయన కుర్చీ పక్కన నేల మీద కూలబడింది.

"ఎందుకు అబద్ధం చెప్పారు బాబాయ్ గారూ?"

"నువ్వు రాయలేదూ? నేను చెప్పాను. చెల్లుకు చెల్లు." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "నాకు ఆ గోడ చూస్తూ చావాలని లేదమ్మా. భయపడితే భయపడు గానీ నన్ను లేవనివ్వు."

ఆ మాట తర్వాత ఆయమ్మ ఒక్క పూట కూడా నాగా పెట్టలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, తను ఇంటికి పోయేముందు ఒకసారి. ఐదో వారంలో చేతులు ఆన్చకుండా మూడు వరకూ వచ్చాడు, ఏడో వారంలో నాలుగు. తొమ్మిదో వారంలో చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చున్నాడు, వరండా దాకా నడిచి వెళ్లి రెయిలింగ్ దగ్గర నిలబడ్డాడు. హాల్లో చప్పట్లు కొట్టారు. గయ్యాళి మామ్మ కూడా కొట్టింది, ఎవరికోసం కొడుతున్నారో అడిగి మరీ కొట్టింది. పిక్క కొలిస్తే ఇరవై ఎనిమిది. ఫిజియో అమ్మాయి మొదటిసారి పళ్లు కనిపించేట్టు నవ్వింది. ఆయమ్మ వంటగదిలోకి పోయి ఎవరూ చూడకుండా ఏడ్చింది. అవి సంతోషంతో వచ్చిన కన్నీళ్లేనని తనకు తను చెప్పుకుంది గానీ, వెనక గదులకు పంపిన తొమ్మిది మంది కూడా ఆ కన్నీళ్లలో ఉన్నారు.

పరీక్ష సోమవారం పదకొండు గంటలకు. ఈసారి నియమాలన్నీ కాగితం మీద పెట్టారు. చేతులు కట్టుకుని ఐదుసార్లు లేవాలి, వరండా స్తంభం దాకా నడిచి తిరిగి రావాలి. మధ్యలో ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేస్తే "సాయంతో" అనే గడిలో గుర్తు పడుతుంది. ఆ గడిలో పడినవాళ్లు వెనక్కి. ఫిజియో అమ్మాయి చేతిలో గడియారం, మేనేజర్ గారి చేతిలో కాగితం పెట్టిన అట్ట. ఆయమ్మను మాత్రం కుర్చీ వెనక రెండడుగుల దూరంలో నిలబెట్టారు, జాగ్రత్త కోసం.

కండక్టర్ బాబాయి ఉదయమే గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మొదటిసారి లేచాడు. రెండోసారి లేచాడు. మూడు. నాలుగోసారి కాస్త ఆగి ఊపిరి తీసుకుని లేచాడు. ఐదోసారి ముందుకు వంగి, పళ్లు బిగబట్టి, పూర్తిగా లేచి నిటారుగా నిలబడ్డాడు. నిలబడ్డాక, అలవాటు చొప్పున మోకాళ్లు వదులు చేసి, ఎడమ వైపుకు సన్నగా ఊగాడు.

ఆయమ్మ చేతులు వెళ్లిపోయాయి. ఆమె పంపలేదు, అవే వెళ్లాయి. వెళ్లి చంకల కింద దూరి ఆయన్ని గట్టిగా పట్టుకున్నాయి.

 తను ఏం చేసిందో తెలిసేసరికి ఆయమ్మ చేతులను నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది. కండక్టర్ బాబాయి పడలేదు. ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడి ఉన్నాడు.

"సాయంతో" అని మేనేజర్ గారు గుర్తు పెట్టారు.

"సార్, ఆయన పడట్లేదు, ఊగుతున్నారంతే. ఇంకోసారి చేయిద్దాం" అంది ఫిజియో అమ్మాయి.

"అందరికీ ఒకటే అవకాశం అనుకున్నాం కదమ్మా."

"సార్, తప్పు నాది" అంది ఆయమ్మ.  "ఆయన పడబోలేదు. నేనే పట్టేసుకున్నాను."

మేనేజర్ గారు చెడ్డమనిషేమీ కాదు. ఆయన ఆమెకేసి గౌరవంగానే చూశారు. "మీకు పదకొండేళ్ల అనుభవం. మీరు చెయ్యి వేశారంటే ఆ మనిషి పడబోతున్నట్టే. మీ చేతి మీద ఉన్న నమ్మకం నాకు ఈ గడియారం మీద లేదు. పడట్లేదంటారా, మరి ఎందుకు పట్టుకున్నారు?"

 ఎప్పుడో సబ్బు కోసం వెళ్లిన పది నిమిషాల గురించి ఆ అట్ట ముందు ఆయమ్మ ఎలా చెబుతుంది? ఆమె మంచితనం మీద అందరికీ ఉన్న నమ్మకమే కండక్టర్ బాబాయి మీద తీర్పు చెప్పేసింది.

ఆ మధ్యాహ్నమే సంచీ సర్దింది. ఆయన మంచం మీద కూర్చుని, ఆమె చేతులకేసే చూస్తూ ఉన్నాడు.

"పోనీలేమ్మా. నువ్వు పట్టుకోకపోతే ఎవరు పట్టుకుంటారు? ఏడవకు, నాకు చిరాకు."

ఆ ఓదార్పు ఆమెకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. నువ్వే నన్ను ముంచావు అని ఒక్క మాట అనుంటే బాగుండేది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వంటగది మీదుగా, బట్టలుతికే చోటు మీదుగా తనే తోసుకుపోయింది. అలా తను తోసుకుపోయినవాళ్లలో ఆయన పదోవాడు.

వెనక గదులకు బదిలీ చేయమని అదే రోజు అడిగింది. "అక్కడ లేచేవాళ్లే లేరు, పడేవాళ్లే లేరు. మీలాంటి మనిషి అక్కడెందుకండీ? ముందు హాలు ఏమైపోవాలి?" అన్నారు మేనేజర్ గారు. మూడు వారాలు వెంటపడితే గానీ ఒప్పుకోలేదు. ఆ మూడు వారాలూ భోజనాల వేళ దొరికిన కాస్త సమయంలో వెళ్లి చూసొచ్చేది. మొదటి వారం ఆయన జోకులు వేశాడు. రెండో వారం టైమెంతైందని అడిగాడు, చెబితే వినలేదు. మూడో వారం ఎప్పుడు వెళ్లినా కమ్మీల మధ్య నిద్రపోతూనే ఉన్నాడు. వెనక గదుల్లో ఇద్దరు ఆయాలు, పద్దెనిమిది మంది మనుషులు. ఎవరినైనా లేవనిచ్చి, వాళ్లు లేచేదాకా ఆగే తీరిక అక్కడ ఎవరికీ లేదు. ఎత్తడం తేలిక, దించడం తేలిక. వాళ్లను తప్పుపట్టడానికి ఆయమ్మకు నోరు రాలేదు.

నాలుగో సోమవారం పొద్దున ఏడు గంటలకు ఆమె అక్కడ డ్యూటీలో చేరింది. టీ కప్పు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లింది. ఒక వైపు కమ్మీ దించింది. కాళ్లు మంచం మీది నుంచి కిందికి జార్చి, పాదాలు నేలకు ఆనేట్టు కూర్చోబెట్టింది. లేపడానికి ఎవరో వచ్చారని తెలియగానే కండక్టర్ బాబాయి రెండు చేతులూ పైకెత్తాడు. ఒళ్లోకి ఎత్తుకోమని చంటిపిల్లవాడు చేతులు చాపినట్టు, చంకలు తెరిచి, ఆమె వైపు చూడకుండానే ఎత్తాడు.

వెనక గదుల్లో అందరూ అలాగే ఎత్తుతారు. ఇన్నేళ్లూ ఆయమ్మ అది తన మీద ప్రేమ అనుకుంది. ఎవరినైనా దిగబెట్టడానికి వెళ్లి చూసినప్పుడల్లా మురిసిపోయేది కూడా. ఇప్పుడు ఆ చేతులు చూసి ఆమె టీ కప్పు కిటికీలో పెట్టి, స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఎత్తమ్మా" అన్నాడు ఆయన.

"ఎత్తను బాబాయ్ గారూ."

వేళాకోళం అనుకుని నవ్వాడు. చేతులు అలాగే ఉన్నాయి. కాసేపటికి అవి వణకడం మొదలుపెట్టాయి.

"ఎత్తమ్మా. చేతులు లాగుతున్నాయి."

"దించండి. దించి మంచం మీద ఆన్చండి. పాదాలు నేల మీదే ఉన్నాయి చూడండి."

"నా వల్ల కాదు."

"నేనిక్కడే ఉంటాను."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నేనేం తప్పు చేశానమ్మా?"

"మీరు కాదు. నేను చేశాను. పదకొండేళ్లు చేశాను."

ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. అర్థమైందల్లా ఒక్కటే, ఎదురుగా మనిషి ఉండి కూడా తనను ఎత్తడం లేదని. ముఖం గట్టిపడింది.

"నువ్వు మంచిదానివనుకున్నాను" అన్నాడు.

పదకొండేళ్లలో ఏ ముసలి నోరూ ఆమెను అంత మాట అనలేదు. అది సూటిగా వచ్చి గుండెలో దిగింది. దిగినా ఆమె స్టూలు మీది నుంచి లేవలేదు, చెయ్యి చాపలేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు, ఎత్తితే అది ఎటు పోతుందో ఆమెకు నమ్మకం లేదు. చాలాసేపటికి ఆయన చేతులు వణుకుతూ దిగి మంచం అంచు మీద పడ్డాయి. అలసిపోయి పడ్డాయో, లేవడానికే ఆన్చాడో ఆమెకు తెలియలేదు. ఎదురుగా కూర్చుని, ఆ చేతులకేసే చూస్తూ ఉంది.